క్యారేజీలో రెండో మనిషి అన్నం

బావ చేపలు మానేస్తున్నానని చెప్పిన ఆదివారం నాకింకా గుర్తుంది. బావ అంటే నా భర్తే. మా మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మార్చుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. తొంభయ్యో దశకం సగం దాటిన రోజులవి. విశాఖ ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరు, కింది అంతస్తు. మా అమ్మాయి నాలుగో తరగతి.

ఆ పొద్దున్న వంటింటి గుమ్మంలో కూచుని నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతున్నాను. బావ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఇయాల్టి నుంచి నాకు సేపలొద్దే. మాంసం కూడా ఒద్దు. ఇంట్లో అసలు ఒండనే ఒండకు."

"ఏటయింది బావా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మొక్కేటైనా మొక్కుకున్నావా?"

"లేదే."

"మరేటి?"

"తినాలనిపించట్లేదు. అంతే. పోలీసోడిలాగ అడక్కు."

మా ఇద్దరిదీ పద్మనాభం దగ్గర పల్లె. చేలల్లో నీళ్ళు తీసే రోజుల్లో బావ బురదలోకి చెయ్యి పోనిచ్చి కొర్రమీను పట్టుకునేవాడు. పులుసు మిగిలితే మర్నాడు పొద్దున్న చద్దన్నంలో కలుపుకుని, గిన్నె అడుగు నాకేదాకా వదిలేవాడు కాదు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి తినాలనిపించకపోవడం ఏమిటి? గిల్లిన నెత్తళ్ళు పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. అనుమానం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మొదట జబ్బేమో అనుకున్నాను. చొక్కా జేబుల్లో మందు చీటీల కోసం వెతికాను. బస్సు టిక్కెట్లు, క్యాంటీన్ కూపన్లు తప్ప ఏమీ దొరకలేదు. నాలుగు రోజులు పోయాక క్యారేజీలో అన్నం ఎక్కువ పెట్టమన్నాడు. చేపలు మానేసిన మనిషికి ఆకలి పెరిగిందా? కూర కూడా ఎక్కువ పెట్టమన్నాడు. అంతకుముందు ఆ మూడు గిన్నెల క్యారేజీ ఇంటికొచ్చేసరికి అడుగున ఎండిపోయిన కరివేపాకు అంటుకుని ఉండేది. ఇప్పుడు ప్రతి గిన్నే తళతళా తోమి, ఆరబెట్టి, మూతలు సరిగ్గా బిగించి వస్తోంది. పెళ్ళయిన పదేళ్ళలో బావ ఒక్క గ్లాసు కడిగి ఎరగడు.

అక్కణ్ణుంచి టైము చూడడం మొదలుపెట్టాను. పొద్దున్న మొదలయ్యే 'ఏ' షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. రెండున్నరకల్లా ఇంట్లో ఉండాల్సిన మనిషి మూడున్నరకి వస్తున్నాడు. మధ్యాహ్నం 'బి' షిఫ్టయితే గంట ముందే బయలుదేరుతున్నాడు. "సెక్షన్లో పని" అంటాడు. ఆ మాట అనేటప్పుడు స్కూటరు అద్దం తుడుస్తూ ఉంటాడు. నా మొహం వైపు చూడడు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది వంటల సంగతి. నాకు తెలిసిన శాకాహారమంటే పప్పు, ఆనపకాయ, గుమ్మడికాయ బెల్లం పులుసు. పూజలప్పుడు అవే తిప్పి తిప్పి వండేవాళ్ళం. అలాంటిది, ఒకరోజు బావ వంటింట్లోకొచ్చి, పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పాడు.

"కంద, బచ్చలికూర కలిపి ఉడకబెట్టాల. సింతపండు పులుసు పొయ్యాల. ఆవ నూరి ఆఖర్న కలపాల. పొయ్యి మీద ఉండగా కలిపితే సేదొచ్చేస్తాది, దింపినాక కలుపు."

చేతిలో కత్తిపీట ఆపేసి అడిగాను. "నీకెవులు సెప్పినారు?"

"క్యాంటీన్లో ఎవులో అనుకుంటంటే ఇన్నాను."

మగవాళ్ళు క్యాంటీన్లో కూచుని ఆవ ఎప్పుడు కలపాలో మాట్లాడుకుంటారా? నేను నమ్మలేదు. అయినా వండాను. ఆ తరవాత గుత్తివంకాయలో కొత్తిమీర కారం పెట్టమన్నాడు. మెంతులు వేయించి మజ్జిగ పులుసు చెయ్యమన్నాడు. వేసవి రాగానే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి, కొట్టి అమ్మే పనసపొట్టు తానే కొనుక్కొచ్చాడు. అందులో ఇంగువ ఎంత వెయ్యాలో వేలు చివర చూపించాడు. మా ఇంట్లో అంతకుముందు ఇంగువ డబ్బానే లేదు.

ఆదివారం రాత్రి భోజనం ముగ్గురం కలిసి చెయ్యాలని కూడా అప్పుడే రూలు పెట్టాడు. అంతకుముందు షిఫ్టుల వల్ల ఎవరి అన్నం వాళ్ళు తినేవాళ్ళం. ఇప్పుడు ఏడున్నరకి టీవీ కట్టేసి, చాప వేసి, గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని కూచోవాలి. పైకి చూస్తే ముచ్చటగానే ఉండేది. కానీ బావ ఒక్కో ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఇంగువ సాల్లేదు," "పులుపు సరిపోయింది" అని తీర్పు చెప్పేవాడు. ఎవరి చేతి వంటతో పోల్చుకుంటున్నాడు? మా అమ్మాయి ఒకసారి నవ్వుతూ అంది. "నాన్న రేపు ఎవరికో అప్పజెప్పాలన్నట్టు తింటన్నాడమ్మా." నాకు నవ్వు రాలేదు.

మీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేనూ దొంగతనం చేస్తూనే ఉన్నాను. పై అరలో మిరపకాయల డబ్బా వెనక ఎండు రొయ్యపొట్టు దాచుకున్నాను. బావ డ్యూటీకి వెళ్ళాక కొంచెం వేయించుకుని, కిటికీలన్నీ తీసి, తిని, మూకుడు రెండుసార్లు తోమేదాన్ని.

ఒక రోజు రెండు గంటలకి ఇంటికి తాళం పెట్టి బయలుదేరాను. కూరగాయల వంకతో రెండు సెక్టార్లు దాటి నడిచాను. క్వార్టర్ల మధ్య రోడ్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రతి సందులోనూ ఆగి చూశాను. మూడో సందులో బావ స్కూటరు కనబడింది. కింది అంతస్తు ఇల్లు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందు కట్టిన తీగ మీద ఆడమనిషి చీర ఆరేసి ఉంది. గంధం రంగు వెంకటగిరి చీర. అంచు సరిచేసి, ముడతల్లేకుండా, ఎంతో శ్రద్ధగా ఆరేశారు.

తలుపు కొట్టే ధైర్యం లేక వెనక్కి వచ్చేశాను. ఆ సాయంత్రం బావ వచ్చి క్యారేజీ గట్టు మీద పెడితే, తోమిన ఆ గిన్నెల్ని మళ్ళీ తోమాను.

మర్నాడు అదే వేళకి వెళ్ళాను. ఈసారి తీగ మీద వేరే చీర ఉంది. ఆగకుండా నడిచి తలుపు తట్టాను.

తలుపు తీసింది ఒక పెద్దాయన. వారం రోజుల గడ్డం, తడి చేతులు. వెనక నేల మీద రెండు కంచాలు. ఒక కంచం ముందు కూచుని బావ ముద్ద కలుపుతున్నాడు. నన్ను చూసి ఆ ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఇల్లంతా చూశాను. ఇంకో మనిషి లేదు.

పెద్దాయన్ని అప్పుడు పోల్చుకున్నాను. నాలుగేళ్ళ కిందటిదాకా ఆయనా, ఆయన భార్యా మా పై అంతస్తులో ఉండేవాళ్ళు. కృష్ణా జిల్లా వాళ్ళు, ఉల్లిపాయ కూడా అరుదుగా తినే ఇల్లు. మా వంటింట్లో చేపలు వేగితే పైన కిటికీ రెక్కలు దభాలున మూసుకునేవి. ఒక శుక్రవారం ఆవిడ మెట్లు దిగి వచ్చి అడిగింది. "మా పూజవేళకే మీ పొయ్యి వెలుగుతుందేంటమ్మా? కావాలనే చేస్తున్నారు." "మా ఇంట్లో మేం ఏటి తింటే మీకేటి?" అని నేను అరిచాను. మెట్ల పొడుగునా అందరూ విన్నారు. ఆరు నెలలకి వాళ్ళు ఇల్లు మార్చుకుని వెళ్ళిపోయారు. ఆవిడ పోయిందని ఆ మధ్య తెలిసింది. పలకరించడానికి నేను వెళ్ళలేదు.

"రామ్మా, కూర్చో," అన్నాడాయన. నా చూపు తీగ మీది చీర వైపు పోవడం గమనించి, "ఆవిడవే. బీరువాలో ఉంచేస్తే పురుగు పడుతుందని ఉతికి ఆరేస్తున్నా," అన్నాడు.

నేను కూచోలేదు.

ఇంటికొచ్చాక పెద్ద గొడవయింది. బావ గొంతు పెంచకుండా చెప్పుకొచ్చాడు. ఆ పెద్దాయన ఏడాది కిందట బావ పనిచేసే సెక్షన్‌కే మారాడట. భార్య పోయాక రోజూ మజ్జిగన్నం, ఉప్పు. బావ క్యారేజీలోది పెడితే ముట్టుకునేవాడు కాదట. "మీ ఇంట్లో చేపలు వండే గిన్నెలు కదోయ్" అనేవాడట.

"అందుకని నువ్వు సేపలు మానేసినావా?"

"గోడవైపు తిరిగి ఒక్కడూ తింటన్నాడే. సూళ్ళేకపోనాను."

"ఆ వంటలు?"

"ఆవిడ సేసినవే. ఆయన సెప్తాడు, నాను నీకు సెప్తాను. ఆదివారం నువ్వు సేసింది ఎలాగుందో సోమారం ఆయనకి సెప్తాను."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే ఒండేదానివా?"

"ఒండను."

"అందుకే."

ఇంకో ఆడది లేదని తేలింది కాబట్టి గుండెలమీద బరువు దిగాలి. కానీ నాకు అంతకంటే ఎక్కువ మండింది. ఎవరైతే నా వంట వాసన భరించలేక కిటికీ మూసుకుందో, ఆవిడ వంటలు నా చేత నెలల తరబడి వండించారు. నేను రొయ్యపొట్టు దాచుకుంటూ, సందుల్లో పిచ్చిదానిలా తిరుగుతూ ఉంటే వీళ్ళిద్దరూ కూచుని తింటున్నారు.

మూడు రోజుల తరవాత, 'ఏ' షిఫ్టు క్యారేజీ సర్దుతూ, పై అరలోని రొయ్యపొట్టు దించాను. మెత్తగా పొడి చేసి వంకాయకూరలో కలిపేశాను. కొత్తిమీర కారంలో అది కనబడదు. ఆయన లొట్టలేసుకుంటూ తింటాడు, నాకు మాత్రమే తెలుస్తుంది. ఆ ఆలోచన నాకెంత తృప్తినిచ్చిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

బావ బూట్లు వేసుకుని వచ్చి క్యారేజీ అందుకున్నాడు. స్కూటరు కొక్కేనికి తగిలిస్తున్నాడు. ఏమయిందో తెలియదు, పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"కూర మాడిపోయింది బావా. అది తీసీ."

బావ మూత తీసి వాసన చూశాడు. చేపలూ రొయ్యలూ తిని పెరిగిన ముక్కు అది. మూత మళ్ళీ బిగించాడు.

"మాడిన వాసన రాట్లేదే," అన్నాడు.

ఆ గిన్నె నా చేతిలో పెట్టి, అన్నం, పప్పు, మాగాయ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత వారం రోజులు క్యారేజీ గిన్నెలు తగిలించుకునే ముందు ఒక్కొక్కటీ మూత తీసి చూసుకున్నాడు. ఆ చూపు నాకు చెంపదెబ్బలా ఉండేది. నన్ను అనుమానించడం న్యాయమే.

ఎనిమిదో రోజున అన్నాను. "ఆయన్ని ఆదివారం ఇంటికే రమ్మను. మనతోపాటు తింటాడు."

"ఎందుకు?" బావ గొంతులో నమ్మకం లేదు.

"నువ్వే పక్కనుండి సూసుకో. నాను ఏటి వేత్తన్నానో."

శనివారం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి రెండు కొత్త గిన్నెలు, ఒక కంచం, కంద, బచ్చలి, పచ్చి మామిడికాయలు కొన్నాను. ఆదివారం బావ నిజంగానే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఆవపెట్టిన కందబచ్చలి, ముద్దపప్పు, కొబ్బరి మామిడికాయ పచ్చడి, మజ్జిగ పులుసు చేశాను.

పెద్దాయన ఏడింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. చాప మీద కూచున్నాడు కానీ చెయ్యి కంచం దగ్గరికి పోవడం లేదు. గిన్నెల వంక చూస్తున్నాడు.

"కొత్తవేనండి," అన్నాను.

ఆయన ఒక గిన్నె ఎత్తి అడుగు చూశాడు. కొట్టువాడు అంటించిన కాగితం ఇంకా ఉంది. గోటితో దాన్ని కొంచెం గీకి చూసి, కింద పెట్టి, అప్పుడు కంచం ముందుకు జరుపుకున్నాడు. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో లేచిపోయింది.

కందబచ్చలి మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్ద కలుపుతూ తలెత్తకుండా అడిగాడు.

"అమ్మాయ్, ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోవుగా?"

"అడగండి."

"ఆ రోజుల్లో... శుక్రవారం పూట ఎండుచేపలు కావాలనే వేయించేదానివా?"

బావ నా వైపు చూశాడు. లేదండీ అనడం ఎంత సులువు! పదేళ్ళ పిల్ల గుమ్మం దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి వింటోంది.

"అవునండి," అన్నాను. "అన్ని వారాలూ కాదు. ఆవిడ కిటికీ గట్టిగా ఏసిన వారం సేసేదాన్ని. పైన పూజ గంట ఇనబడ్డాక మూకుడు పెట్టేదాన్ని."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆవిడ చెప్తూనే ఉండేది," అన్నాడు. "కావాలనే చేస్తున్నారండీ, మీరు నమ్మరేం అనేది. నేను నమ్మలేదు. పైగా కసిరేవాణ్ణి. నీకన్నీ అనుమానాలే, మనుషుల మీద అంత అనుమానం పనికిరాదు అనేవాణ్ణి. ఆ ఇల్లు మారాక కూడా రెండు మూడుసార్లు అదే మాట అన్నాను. చివర్లో మంచంలో ఉన్నప్పుడు కూడా ఆవిడ, 'మీరు నన్ను నమ్మలేదు' అంది."

కళ్ళు తుడుచుకోవడానికి ఎడమచెయ్యి కూడా ఎత్తలేదు. నీళ్ళు అలాగే కారిపోతున్నాయి. కాసేపటికి లేచి, చెయ్యి కడుక్కుని, "వస్తానోయ్" అని బావకి చెప్పి వెళ్ళిపోయాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. మేం ముగ్గురం కూడా తినలేకపోయాం.

సోమవారం క్యారేజీలో సగం అన్నం వెనక్కి వచ్చింది. మంగళవారం కూడా. ఆయన డ్యూటీకి వస్తున్నాడట, కానీ మళ్ళీ ఒక్కడే తింటున్నాడట. "నిజం సెప్పి తప్పు సేసినానా బావా?" అని అడిగాను. "తెల్దే," అన్నాడు. నన్ను తిట్టలేదు. ఆ వారమంతా క్యారేజీలో ఇద్దరికీ సరిపడానే పెట్టాను, ఆయన వంతు వెనక్కి వస్తూనే ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం తలుపు చప్పుడయింది. ఆయన చేతిలో సంచి. సంచిలో అరటిదూట.

"దీన్ని తరగడం నీకు రాదు," అన్నాడు నన్ను చూసి. "పీచు వేలికి చుట్టి తియ్యాలి. మజ్జిగలో వెయ్యకపోతే నల్లబడుతుంది. మా ఆవిడ చెప్తే వినేవాణ్ణి కాదు గానీ చూస్తూ ఉండేవాణ్ణి. కత్తిపీట ఎక్కడుంది?"

క్షమించానని గానీ, మర్చిపోదామని గానీ అనలేదు. నేనూ అడగలేదు. ఆయన తరిగాడు, నేను వండాను. ఆయన నా పక్కనే నిలబడి పోపులో ఏమేమి పడుతున్నాయో చివరిదాకా చూశాడు. నా మీద నమ్మకం కుదిరిందని కాదు. పోనుపోను ఆ చూపు అలవాటయిపోయింది, నాకూ, ఆయనకీ కూడా.

అలా మూడేళ్ళు ప్రతి ఆదివారమూ వచ్చాడు. చీరలు ఆరెయ్యడం మానేసి, ఒకరోజు ఆ గంధం రంగు చీర తెచ్చి మా అమ్మాయికి ఇచ్చాడు, పెద్దయ్యాక కట్టుకోమని. నేను రొయ్యపొట్టు సంగతి కూడా చెప్పేశాను. ఆయన, "ఆపావుగా," అని పప్పు వడ్డించుకున్నాడు. బావ మాత్రం మా ఊరెళ్ళినప్పుడు మా మేనత్త దగ్గర చేపల పులుసు తినేవాడు. ఆ సంగతి పెద్దాయనకి తెలుసు, అడిగేవాడు కాదు.

పెద్దాయన రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి గుడివాడ దగ్గర తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. రెండు వేల సంవత్సరం దాటింది. మా ఇంటికి అప్పటికి ఫోను వచ్చింది. ఆదివారం రాత్రి ఆయనే ఫోను చేసేవాడు. ఏం వండావు, ఎవరెవరు తిన్నారు అని అడిగేవాడు. "మరి మీరండీ?" అంటే, "బ్రహ్మాండంగా తింటున్నాను, మా మరదలు బాగా చేసి పెడుతుంది," అనేవాడు. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. ఏం కూరండీ అంటే ఆలోచించుకుని చెప్పేవాడు.

"నాకు నమ్మకంగా లేదు బావా," అన్నాను ఒక రాత్రి. "అక్కడ కూడా మజ్జిగన్నమే తింటన్నాడు."

"ఎలా సెప్పగలవు?"

"బాగా తిన్న మనిషి కూర పేరు గుర్తు తెచ్చుకోడానికి అంతసేపు ఆలోసిస్తాడేటి?"

బావ రెండ్రోజులు సెలవు పెట్టాడు. పులిహోర, ఆవపెట్టిన పనసపొట్టు, కాకరకాయ వేపుడు కట్టుకుని, చెప్పకుండా రైలెక్కాం. ఆ ఊళ్ళో బస్సు దిగేసరికి పన్నెండయింది. చిక్కిపోయి ఉంటాడని, ఏ మూలో కూచుని ఉంటాడని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

ఆయన పెరట్లో పొయ్యి దగ్గర, తుండు నడుముకి బిగించి, పెద్ద మూకుట్లో దోసకాయ ముక్కలు కలుపుతున్నాడు. ఒళ్ళు చేశాడు. బుగ్గలు నిండాయి.

"ఈయనొచ్చాక నా వంటిల్లు నాది కాకుండా పోయిందండీ," అంది ఆయన మరదలు నవ్వుతూ. "పోపు కూడా నన్ను పెట్టనివ్వరు."

"మరి ఫోన్లో మరదలు వండుతుందని చెప్పారేటండి?" అని అడిగాను.

"మగాణ్ణి, ఇంట్లో వంట నేను చేస్తున్నానని చెప్తే మీ ఆయన నవ్వడూ?" అన్నాడు.

బావ అక్కడే పగలబడి నవ్వాడు. అందరం వరసగా విస్తళ్ళు వేసుకుని కూచున్నాం. ఆయన నేను తెచ్చిన పులిహోర ముందు కొంచెం చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, నాలిక మీద పెట్టుకున్నాడు, నా మొహం వైపు చూశాడు.

"చింతపండు పాతది కదూ?"

"కొత్తదేనండి."

"కాదమ్మాయ్, పాతదే," అని ఇంకో గరిటెడు వడ్డించుకున్నాడు.